పాత డీఆర్వోని పారెయ్యకండి

మా జిల్లాలో డీఆర్వో అంటే జిల్లా రెవెన్యూ అధికారి. కలెక్టరాఫీసులో కూచుని భూముల తగువులు చూసే పెద్దాయన. కాబట్టి పైన శీర్షిక చూసి ఇదేదో బదిలీల రాజకీయం అనుకుని వచ్చినవాళ్ళకి నిరాశ తప్పదు. నేను చెప్పే డీఆర్వో మిల్లింగు మెషీనుకో లేతుకో పక్కన ఇనప చెయ్యి మీద కూచుండే ఒక డబ్బా. పూర్తి పేరు డిజిటల్ రీడౌట్. రెండు మూడు వరసల్లో ఎర్రటి అంకెలు, పక్కన కాలిక్యులేటరుకి ఉన్నట్టు మీటలు. మెషీను బల్ల ఎంత జరిగిందో మిల్లీమీటర్లలో చెబుతుంది. అంతే. తనంతట తాను దేన్నీ కదపదు, కొయ్యదు, ఆపదు.

ఆ "అంతే" గురించే ఈ గోలంతా. మన సాఫ్టువేరు వాళ్ళకి "అంతే" అనే వస్తువు అంటే చిన్నచూపు. ఏదైనా యంత్రం కనపడితే దాన్ని పూర్తిగా ఆటోమేట్ చెయ్యాలి, లేకపోతే అసలు ముట్టుకోకూడదు. మధ్యలో ఆగేది మనకి నచ్చదు. నాకేమో ఆ మధ్యలో ఆగే వస్తువులే మా ఊరి లాంటి చోట్ల ఎక్కువ పనికొస్తాయని గట్టి నమ్మకం. ఎందుకో చెబుతాను.

మాది హరిశ్చంద్రపురం వైపు. హౌరా-చెన్నై లైన్లో తిలారు దాటాక, కోటబొమ్మాళికి ముందు వచ్చే స్టేషను. ఎక్స్‌ప్రెస్సుల్లో వెళ్ళేవాళ్ళకి కిటికీలోంచి ఒక పసుపు బోర్డు, నాలుగు చెట్లు కనపడి మాయమైపోతాయి. ఒకప్పుడు ఈ పేరుతో అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది, 2008 పునర్విభజనలో అదీ పోయింది. ఇక్కణ్ణుంచి ఉత్తరానికి వెళితే టెక్కలి గ్రానైటు, నౌపడ ఉప్పు మడులు, పలాస-కాశీబుగ్గ జీడిపప్పు, సముద్రం వైపు ఉద్దానం కొబ్బరి, పడవలు. ఇవన్నీ వేరేవేరు వ్యాపారాల్లా కనపడతాయి గానీ అన్నిటికీ ఒకటే అవసరం ఉంది, లేతు షాపు. జీడిపిక్కల బాయిలరు పంపు షాఫ్టు అరుగుతుంది. పిక్క తొక్కలోంచి కారే నూనె చేతులు కాల్చేసే రకం, అది యంత్రాల్లోకి చేరితే ఊరుకోదు. రాయి కోసే మెషీన్లో బుష్ పోతుంది, రాతి పొడి కలిసిన నీళ్ళకి బేరింగులు ఎన్నాళ్ళు ఆగుతాయి? ఉప్పుగాలికి పడవ ఇంజను భాగాలు పాడవుతాయి. ఇవేవీ వందల లెక్కన కావలసినవి కావు. ఒక్కటి కావాలి, రేపు పొద్దుటికి కావాలి, పాతదానికి అచ్చు గుద్దినట్టు ఉండాలి. ఆ ఒక్కటీ ఇక్కడ అవ్వకపోతే బస్సెక్కి విశాఖపట్నం పోవాలి. యజమానికి రెండ్రోజులు యంత్రం ఆగుతుంది, అక్కడ కూలికొచ్చిన ఆడవాళ్ళకి రెండ్రోజుల కూలి పోతుంది.

టెక్కలి వెళ్ళే దారిలో మాకు వరసకి మావయ్య అయ్యే ఆయన షాపుంది. రెండు లేతులు, ఒక డ్రిల్లింగు మెషీను, ఒక వెల్డింగు సెట్టు. కొన్నేళ్ళ క్రితం విశాఖలో ఏదో కంపెనీ మూసేసి సామాను వేలం వేస్తుంటే అక్కణ్ణుంచి ఒక పాత హెచ్ఎంటీ మిల్లింగు మెషీను పట్టుకొచ్చాడు. దానికి తగిలించి ఉన్న డీఆర్వో కూడా వచ్చింది, పెళ్ళికూతురితో పాటు వచ్చిన పాత ట్రంకుపెట్టెలాగ. ఎవరూ దాని మొహం చూళ్ళేదు. 2020లో లాక్‌డౌను పుణ్యమా అని మేమంతా లాప్‌టాపులు చంకలో పెట్టుకుని ఊళ్ళకి చేరాం కదా, అప్పుడు సాయంత్రాలు నేను ఆ షాపులో కూచునేవాణ్ణి. మావయ్య భూతద్దం పెట్టుకుని హ్యాండిల్ చక్రం మీద గీతలు లెక్కపెడుతుంటే చూశాను. అరవై దాటాయి. చెయ్యి ఇంకా గట్టిది, కన్ను కాదు.

"కళ్ళజోడు మార్చొచ్చు కదా మావయ్యా" అంటే "జోడు మారిస్తే గీత కనపడతాది అల్లుడా, ఎన్ని గీతలు తిప్పానో గుర్తుండాలి గదా, అదెక్కడ మారుస్తావ్?" అన్నాడు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. మిల్లింగు మెషీను బల్ల కింద ఒక పొడుగాటి స్క్రూ ఉంటుంది. దాని పిచ్ 5 మి.మీ. అనుకోండి. చక్రం ఒక చుట్టు తిప్పితే బల్ల 5 మి.మీ. జరుగుతుంది. చక్రం అంచు మీద 100 గీతలుంటే గీతకి 0.05 మి.మీ. బల్లని 137.35 జరపాలంటే 27 చుట్లు, పైన 47 గీతలు. మధ్యలో ఫోను మోగితే మళ్ళీ మొదటికి. ఇది సగం కష్టమే. మిగతా సగం స్క్రూలో "ప్లే". పాత మెషీనులో స్క్రూ, నట్టు అరిగిపోయి ఉంటాయి. ఇటు తిప్పుతున్న చక్రాన్ని అటు తిప్పితే మొదటి అయిదారు గీతలు చక్రం తిరుగుతుంది గానీ బల్ల కదలదు. చక్రం చెప్పేది స్క్రూ ఎంత తిరిగిందని, బల్ల ఎక్కడుందని కాదు. పనిమంతుడు ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చి ఆగుతాడు, ప్లే ఎంతో చేతికి తెలిసి ఉంటుంది. కొత్త కుర్రాడికి అది రావడానికి రెండేళ్ళు పడుతుంది. ఆ రెండేళ్ళలో పాడైన ఇనుము ఖర్చు షాపు భరించాలి.

డీఆర్వో స్క్రూని అడగదు. బల్లకి సమాంతరంగా ఒక గాజు స్కేలు, దాని మీద జారే ఒక రీడింగు హెడ్డు. బల్ల ఎంత జరిగిందో సూటిగా చూస్తుంది. స్క్రూలో ప్లే ఎంతున్నా దానికి పట్టదు. (ప్లే పోతుందని కాదు. కోసేటప్పుడు కట్టరు బల్లని లాక్కునే ప్రమాదం అలాగే ఉంటుంది, బిగించాల్సింది బిగించాల్సిందే.)

ఇది ఎలా పనిచేస్తుందో మనవాళ్ళకి చెప్పడం చాలా తేలిక, ఎందుకంటే మనందరం దాన్ని విప్పి చూశాం. పాత బంతి మౌసు గుర్తుందా? 2000 ముందు కంప్యూటరు పట్టుకున్నవాళ్ళలో ఆ బంతి బయటికి తీసి లోపలి మట్టి గోటితో గీకనివాళ్ళు ఉండరు. లోపల రెండు పళ్ళ చక్రాలు, చిన్న దీపం, రెండు కళ్ళు. ఒక కన్ను రెండోదానికంటే పావు వంతు పక్కకి ఉంటుంది. ఏది ముందు వెలుగు చూసిందో దాన్నిబట్టి ఎటు తిరిగిందో తెలుస్తుంది. డీఆర్వో స్కేలు ఆ చక్రాన్ని సాపు చేసి పొడుగ్గా పరిచినట్టు. గాజు మీద 20 మైక్రాన్లకి ఒక గీత, రెండు కళ్ళ సంకేతాలు కలిపితే ఒక గీతకి నాలుగు మెట్లు, అంటే మెట్టుకి 5 మైక్రాన్లు. అందుకే ఇలాంటి డబ్బాల్లో చివరి అంకె ఎప్పుడూ 0 గానీ 5 గానీ అయి ఉంటుంది.

అంత సన్నని గీతల్ని ఆ చిన్న కన్ను ఎలా చూస్తుందంటారా? రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేసి ఒకదాన్ని కొంచెం జరపండి. పెద్ద పెద్ద నీడల అలలు పరిగెడతాయి. దారం జరిగింది వెంట్రుకవాసి, నీడ జరిగింది బెత్తెడు. ఆ అలల్నే లెక్కపెడుతుంది. ఈ కిటుకు పనికొస్తుందని 1874లోనే రేలీ దొర రాశాడు. దాన్ని మెషీన్ల మీదకి ఎక్కించింది 1950ల్లో ఎడిన్‌బరోలోని ఫెరాంటీ కంపెనీ వాళ్ళు. అందరూ గాజే వాడరు. సోనీ వాళ్ళు తమ టేపురికార్డరు విద్యతో అయస్కాంతం స్కేలు చేశారు, న్యూవాల్ వాళ్ళు గొట్టంలో ఉక్కు గోళీలు పేర్చి చేశారు. ఆ గోళీల రకం నూనెలో ముంచినా పనిచేస్తుంది, నాకు అదంటే చాలా ఇష్టం.

సరే, మావయ్య షాపులో డబ్బా. మెషీను అమ్మిన మధ్యవర్తి "అది చచ్చిపోయింది, కొత్తది వేయించుకోండి, నేను తెప్పిస్తాను" అన్నాడట. కరెంటిస్తే అంకెలు వెలిగాయి. ఒక వరస బాగానే కదిలింది, ఇంకోటి వెనక్కి లెక్కపెట్టింది, మూడోది బల్ల జరిపితే కాసేపు నడిచి ఆగిపోయేది. చచ్చిపోయిన వస్తువు లక్షణాలు కావివి. మన భాషలో చెప్పాలంటే ఒకటి కాన్ఫిగరేషను, ఇంకోటి మురికి. అయినా ముగ్గురు మనుషులు దాన్ని చూసి చచ్చిపోయిందనే అన్నారు. వాళ్ళలో ఒకడు బీటెక్కు మెకానికల్, ఇప్పుడు హైదరాబాదులో టెస్టింగు చేస్తున్నాడు. అతన్ని తప్పుపట్టను. మన కాలేజీల్లో ఎక్కడ దీన్ని ముట్టుకోనిచ్చారు గనక?

అసలు ఈ విషయంలో మన తెలుగువాళ్ళకి చరిత్ర లేకపోలేదు. సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ మొదలైంది 1943లో, హెచ్ఎంటీ బెంగుళూరులో పుట్టడానికి పదేళ్ళ ముందే. 1960ల్లో హెచ్ఎంటీ హైదరాబాదుకీ వచ్చింది. 1968లో బాలానగర్లో టూల్ డిజైన్ కోసమే ఒక కేంద్ర సంస్థ పెట్టారు, ఐక్యరాజ్యసమితి సాయంతో. ఆ చుట్టుపక్కల సందుల్లో లేతు తిప్పినవాళ్ళ పిల్లలే తర్వాత మాదాపూరు చేరారు. మనం కోడు రాసే భవనాలకి నాలుగైదు మైళ్ళ దూరంలో ఈ విద్యంతా ఉంది. ఎప్పుడైనా అటు వెళ్ళారా?

మళ్ళీ డబ్బా దగ్గరికి. పాత డీఆర్వోని నిలబెట్టాలనుకునేవాళ్ళకి నేను చూసినవి, నమ్మినవి చెబుతాను.

మొట్టమొదట చూడవలసింది అంకెలు కాదు, స్కేలు తగిలించిన తీరు. స్కేలు అల్యూమినియం గొట్టంలో ఉంటుంది, దానికి కింద రబ్బరు పెదాలు రెండు. ఆ పెదాల మధ్యనుంచి హెడ్డు లోపలికి వెళుతుంది. పెదాలు కిందకో, నీళ్ళూ ఇనప పొట్టూ పడని వైపుకో ఉండాలి. మా డబ్బా స్కేలు ఒకటి పెదాలు పైకి పెట్టి బిగించి ఉంది. వానలో నోరు తెరుచుకుని పడుకున్నట్టు! మూడో వరస జబ్బు అదే. విప్పి చూస్తే గాజు మీద కూలెంటు ఎండిన జిగురు, దాని మీద సముద్రపు గాలి తెచ్చిన తెల్లటి పూత. పల్చటి నూలుగుడ్డ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాలు వేసి, గీతల వైపు రుద్దకుండా మెల్లిగా తుడిస్తే పోయింది. కిరసనాయిలు, పెట్రోలు దగ్గరికి రానివ్వకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. ఎయిర్ గొట్టంతో పెదాల మీదకి ఊదడం ఇంకా ఘోరం. బయటున్న పొట్టంతా లోపలికి పంపడమే అది. మన షాపుల్లో మెషీను శుభ్రం చెయ్యడమంటే ఎయిర్ కొట్టడమే కాబట్టి ఈ ఒక్కటీ మానిపించడానికి నాకు వారం పట్టింది.

తర్వాత వరస. స్కేలు బల్ల నడకకి సమాంతరంగా ఉండాలి. కంటితో కాదు, డయల్ గేజి పెట్టి ఈ చివర్నుంచి ఆ చివరికి నడిపి చూడాలి. మొత్తం పొడుగులో పది పాయింట్లు, అంటే 0.1 మి.మీ.కి మించి తేడా రాకూడదు. తేడా ఉంటే కింద పల్చటి రేకు ముక్కలు పెట్టి సరిచెయ్యాలి. హెడ్డుని చేత్తో నొక్కి బలవంతంగా బోల్టు బిగిస్తే గాజు పగలొచ్చు, లేదా హెడ్డు అరిగి ఆర్నెల్లలో పోవచ్చు. ఇంకోటి, బల్ల పూర్తి నడక కంటే స్కేలు నడక కొంచెం ఎక్కువుండాలి. లేదంటే బల్ల చివరికి వెళ్ళినప్పుడు హెడ్డు గోడకి గుద్దుకుంటుంది. కేబులు ఎక్కడా సాగకుండా, చక్రానికి చుట్టుకోకుండా వదులుగా ఒక చుట్టు వదలాలి.

హెడ్డు పట్టుకునే బ్రాకెట్టు గురించి ఎవరూ పట్టించుకోరు. దాన్ని ఏ పల్చటి పట్టీతోనో చేస్తే అది స్ప్రింగులా వంగుతుంది. అప్పుడు బల్ల ఇటు నుంచి వస్తే ఒక అంకె, అటు నుంచి వస్తే ఇంకో అంకె. స్కేలు చెడిపోయిందంటారు. చెడింది స్కేలు కాదు, పట్టీ. డయల్ గేజిని బల్లకీ స్పిండిలుకీ మధ్య, అంటే నిజంగా కోత జరిగే చోట పెట్టి, రెండు వైపుల నుంచీ ఒకే అంకెకి వచ్చి చూస్తే తెలిసిపోతుంది. మనం లాగులు చూసి బగ్గు ఎక్కడుందో వెతికినట్టే.

వెనక్కి లెక్కపెట్టే రెండో వరసకి మందు డబ్బా వెనకాల ఉన్న బుల్లి స్విచ్చి. కొన్నిటికి స్విచ్చిలు, కొన్నిటికి కోడు కొట్టి లోపలికెళ్ళే పారామీటర్లు. దిక్కు, మెట్టు, మి.మీ.నా అంగుళమా, ఇవి ముఖ్యం. లేతులో అయితే ఇంకోటి ఉంది, వ్యాసమా వ్యాసార్ధమా అని. క్రాస్ స్లైడు 1 మి.మీ. లోపలికి వెళితే షాఫ్టు వ్యాసం 2 మి.మీ. తగ్గుతుంది. ఆ ఒక్క పారామీటరు తిరగబడి ఉందని తెలీక బుష్‌లు పోగొట్టుకున్న షాపులు ఉన్నాయి. పారామీటర్లన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కొన్ని డబ్బాల్లో అవి చిన్న బ్యాటరీ మీద బతుకుతాయి, అది చచ్చినరోజు అన్నీ పోతాయి.

వేరే కంపెనీ స్కేలు, వేరే కంపెనీ డబ్బా కలపాలనుకుంటే మాత్రం చాలా జాగ్రత్త. ప్లగ్గు ఒకేలా ఉంటుంది, తొమ్మిది పిన్నులు, చక్కగా దిగుతుంది. కానీ లోపల ఏ పిన్నులో ఏముందో ఎవడిష్టం వాడిది. సంకేతం రావలసిన పిన్నులో 5 వోల్టులు వస్తే హెడ్డు గోవిందా. పైగా పాత జర్మను స్కేళ్ళు కొన్ని సైను అలలు పంపిస్తాయి, చవక డబ్బాలు చదరపు పల్సులు మాత్రమే తింటాయి. ప్లగ్గు దిగినంత మాత్రాన మాట కలవదు.

ఇవన్నీ అయ్యాక నిజం చెబుతోందా లేదా చూడాలి. స్లిప్ గేజిలు అద్దెకో అరువుకో తెచ్చి, డయల్ గేజి సున్నా చేసి, 100 మి.మీ. నడపండి. డబ్బా 99.985 అందనుకోండి. మీటరుకి 0.15 మి.మీ. తేడా అన్నమాట. ఆ సవరణ పారామీటర్లో వెయ్యొచ్చు. కానీ వేసేముందు 50 దగ్గరా, 200 దగ్గరా, చివర్లోనూ కూడా చూడండి. తేడా ఒకే నిష్పత్తిలో పెరుగుతుంటే సరే. మధ్యలో ఎక్కువ, చివర్లలో తక్కువ ఉంటే అరిగింది మెషీను దారి, మీరు వేసే సవరణ దాన్ని కప్పెడుతుంది తప్ప బాగుచెయ్యదు. బల్ల మీటరుకి పది పాయింట్లు వాలినా, స్కేలు కంటే 200 మి.మీ. ఎత్తులో కోస్తున్నప్పుడు 0.02 తేడా వస్తుంది, డబ్బాలో అంకె మాత్రం కదలదు. దీని గురించి ఆబ్బే అనే జర్మను పెద్దాయన 1890లోనే హెచ్చరించాడు.

ఎండ సంగతి కూడా. కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర లెక్క. టెక్కలిలో మే నెల్లో రేకుల షెడ్డులో 20 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయండీ? 38 డిగ్రీల్లో 300 మి.మీ. ఉక్కు ముక్క దాదాపు 0.062 మి.మీ. పెరుగుతుంది. అదృష్టం ఏమిటంటే గాజు స్కేలు కూడా అదే ఎండలో ఉంది, అదీ సుమారు 0.043 పెరుగుతుంది, కాబట్టి తేడా 0.019కి దిగుతుంది. జీడి మెషీను బుష్‌కి ఇది లెక్కలోకి రాదు. అయితే అప్పుడే కోసిన ముక్క చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నప్పుడు కొలిచి సరిపోయింది అనుకుంటే మాత్రం చల్లారాక ఏడవాలి. డీఆర్వో ఉన్నా లేకపోయినా.

చివరి అంకె వెనకాల పడే జబ్బు ఒకటుంది. ఐటీఐ అయిన కుర్రాడొకడు మావయ్య దగ్గర పని నేర్చుకుంటున్నాడు, 45.000 రావాలని 45.005కీ 44.995కీ మధ్య చక్రాన్ని పది నిమిషాలు ఊపుతాడు. అరిగిపోయిన మెషీను, అరిగిన కట్టరు, వంగే ముక్క, వీటన్నిటి తేడా కలిపితే మూడు నాలుగు పాయింట్లు. అందులో అర పాయింటు కోసం తంటాలు! అంకెలు ఎక్కువుంటే నిజం ఎక్కువున్నట్టు అనిపిస్తుంది. మనం డాష్‌బోర్డుల మీద రెండు దశాంశాలు చూసి మురిసిపోమూ, అలాగ.

లేతు మీద దీన్ని సరిగ్గా వాడడం మావయ్యే ఆ కుర్రాడికి చూపించాడు (లేతుకి తర్వాత వేరే పాత సెట్టు దొరికింది). ముందు కాస్త కోసి, ఆపి, మైక్రోమీటరుతో వ్యాసం కొలవాలి. 38.42 వచ్చిందా, డబ్బాలో 38.42 అని ప్రీసెట్ కొట్టాలి. ఇక అక్కణ్ణుంచి అంకె చూసి పోవచ్చు. డబ్బాకి స్లైడు ఎక్కడుందో తెలుసు, ముక్క సైజు తెలీదు. ముక్క సైజు చెప్పాల్సింది మనం. ఇంకో సంగతి, లేతులో పై బుల్లి స్లైడుకి స్కేలు ఉండదు. దాన్ని ఒక్క పిసరు తిప్పినా పొడుగు అంకె అబద్ధమైపోతుంది. అందుకే దాన్ని బిగించేసి దాని పిడి ఊడదీసి గోడకి తగిలించాడు మావయ్య.

మిల్లింగులో అయితే పండగే. ముక్క మధ్యభాగం కావాలంటే ఒక అంచు తాకి సున్నా, రెండో అంచు తాకి "సగం" మీట, అంకె సున్నా అయ్యేదాకా జరిపితే నడిమి. పంపు మూతకి ఆరు బోల్టు రంధ్రాలు కావాలంటే వలయం వ్యాసం, రంధ్రాల లెక్క కొడితే ఒక్కో రంధ్రం దగ్గరికి ఎంత జరగాలో అదే చెబుతుంది. ఇంతకు ముందు దీనికి కంపాసు, పంచి, దేవుడి దయ వాడేవాళ్ళు. ఒకప్పుడు విశాఖ పంపించే మూతలు ఇప్పుడు ఇక్కడే అవుతున్నాయి. అక్కడ ఎవరి వ్యాపారమో చెడగొట్టాలని కాదు, నాలుగు గంటల పనికి రెండ్రోజుల ప్రయాణం తప్పింది.

కరెంటు గురించి చెప్పకపోతే మా వైపు సంగతి చెప్పినట్టే కాదు. పాత డీఆర్వోలు ఎక్కువ భాగం ఎంత జరిగిందో లెక్కపెట్టేవే తప్ప ఎక్కడున్నదీ తెలిసినవి కావు. కరెంటు పోయాక బల్ల కదిలితే దానికి తెలీదు. దీనికోసం స్కేలు మీద ఒక రిఫరెన్సు గుర్తు ఉంటుంది. కరెంటొచ్చాక హెడ్డుని ఆ గుర్తు మీదనుంచి ఒకసారి దాటిస్తే పాత సున్నా తిరిగొస్తుంది. ఉద్యోగం మొదలెట్టేముందే ఆ గుర్తు దాటించి పెట్టుకోవడం అలవాటు చెయ్యాలి, తర్వాత ఏడిస్తే రాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడుకోబెట్టేసినప్పుడు స్తంభాలు కూలి చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటరు మీద నడిపిన షాపుల్లో వోల్టేజి ఎలా ఊగుతుందో చూసినవాళ్ళకి డబ్బాకి విడిగా ఒక చిన్న యూపీఎస్ ఎందుకు పెట్టానో వివరించక్కర్లేదు. కంప్యూటరుకి వాడి పక్కన పడేసిందే, అది చాలు. దానికంటే ముఖ్యం ఎర్తు. పక్కన వెల్డింగు కొట్టినప్పుడల్లా అంకె ఎగిరిపడుతుంటే స్కేలు పాడైందనుకోకుండా ముందు ఎర్తు వైరు ఎక్కడికి వెళుతోందో చూడండి. మా షాపులో అది గోడ దాకా వెళ్ళి అక్కడ ఆగిపోయింది.

ఇప్పుడు మనవాళ్ళ ప్రశ్న. "ఇదంతా ఎందుకు, సీఎన్సీ కొనుక్కోమను, లోన్లిస్తున్నారుగా!" ఈ మాట నాతో కనీసం నలుగురు అన్నారు, అందరూ మంచి జీతగాళ్ళే. ఒకే రకం బుష్‌లు అయిదొందలు కావాలంటే సీఎన్సీతో ఎవరూ పోటీ పడలేరు, ఒప్పుకుంటాను, అక్కడ వాదనే లేదు. కానీ మావయ్య దగ్గరికొచ్చేది ఒక్క ముక్క, అదీ డ్రాయింగు లేకుండా, విరిగిపోయిన పాతదాన్ని గోనెసంచిలో చుట్టి తెచ్చి "ఇలాంటిదే" అనే గిరాకీ. ఆ ఒక్కదానికి ప్రోగ్రాం రాసి, సెట్టింగు చేసేలోపు మావయ్య ముక్క చేతికిచ్చి టీ తాగుతుంటాడు. పైగా లక్షల్లో అప్పు తెస్తే నెలనెలా వాయిదా కట్టడానికి పని వెతుక్కోవాలి. జీడిపప్పు సీజను బాగోలేని ఏడాది ఆ వాయిదా ఎవరు కడతారు? మూలపేట రేవుకి 2023లో శంకుస్థాపన జరిగింది, అది పూర్తయితే ఇక్కడ లేతు పని పెరుగుతుందని అందరికీ ఆశ. పెరిగినరోజు సీఎన్సీ కొననీ, నేనే ప్రోగ్రాములు రాసిపెడతాను.

రెండో వైపు నుంచి వచ్చే వాదన కూడా నాకు నచ్చదు. పాత మేస్త్రీలు కొందరు "ఈ అంకెల డబ్బా వస్తే కుర్రోళ్ళకి చెయ్యి నిలవదు" అంటారు. గీతలు లెక్కపెట్టడం విద్య కాదండీ, అది చాకిరీ. ఏ టూలు ఏ కోణంలో ఆడుతుంది, ఇనుము అరుపుని బట్టి ఫీడు ఎంత ఇవ్వాలి, ముక్కని వంగకుండా ఎలా పట్టాలి, విద్య అంటే అది. డీఆర్వో వాటి జోలికి పోదు. మావయ్యనే అడిగాను, నీ పని తగ్గిపోయిందా అని. "నాకు పదేళ్ళు ఎనక్కిచ్చింది గానీ, తగ్గేదేటి?" అన్నాడు. కళ్ళు సరిగ్గా కనపడక సాయంత్రం అయిదింటికే షాపు కట్టేసేవాడు. ఇప్పుడు ఏడు దాకా ఉంటున్నాడు. అత్తయ్యకి అది కొత్త ఫిర్యాదు.

మాన్యువలు మాట. ఆ డబ్బాకి మాన్యువలు జర్మనునుంచి ఇంగ్లీషులోకి వచ్చినది, ఇంటర్నెట్టులో దొరికింది. తెలుగు మీడియంలో చదివిన ఐటీఐ కుర్రాడికి అది ఒక కొండ. అందుకని రెండు పేజీలు తెలుగులో రాసి, ప్రింటు తీసి, ప్లాస్టిక్ కాగితంలో పెట్టి మెషీనుకి అంటించాం. పారిభాషిక పదాల జోలికి పోలేదు. ప్రీసెట్‌ని ప్రీసెట్ అనే రాశాను, స్కేలుని స్కేలు అనే. ముందు "నిర్దేశక చిహ్నం" అని రాస్తే కుర్రాడు తెల్లమొహం వేశాడు, "గుర్తు దాటించు" అని మారిస్తే సరిపోయింది. మనం తెలుగులో సాఫ్టువేరు రావాలని ఇన్నేళ్ళు మాట్లాడుకున్నాం, లోకలైజేషను గురించి జుట్లు పట్టుకున్నాం. ఒక్క మెషీను పక్కన తెలుగులో రెండు పేజీలు అంటించడానికి ఒక శనివారం చాలింది. ఆ కుర్రాడిప్పుడు ఆ కాగితం చూడడం లేదు, మీటలు చూడకుండానే కొడుతున్నాడు. విశాఖ వెళ్ళిపోతానన్నవాడు ఇంకా ఇక్కడే ఉన్నాడు. ఎన్నాళ్ళుంటాడో మరి, వాళ్ళన్నయ్య సూరత్‌లో ఉన్నాడు, పిలుస్తున్నాడట.

ఈ మధ్య నౌపడ దగ్గర ఇంకో షాపతను వచ్చి తన లేతుకున్న డబ్బా చూడమన్నాడు. డబ్బా వెలగట్లేదు. అలాంటివాటిలో సగం కేసులు పవర్ సప్లై కెపాసిటర్లు ఉబ్బిపోవడమే, పది ఇరవై రూపాయల సరుకు, కాబట్టి ముందు అదే విప్పుతాను. అతని స్కేలు కేబులు మాత్రం ఎలక కొరికేసింది. తొమ్మిది తీగల్లో ఆరే కనపడుతున్నాయి, రంగులు ఏ పటానికీ కలవడం లేదు. దసరాకి ఊరెళ్ళినప్పుడు మల్టీమీటరు పట్టుకుని కూచోవాలి.